తేదీ ఉన్న వైపు

కొత్తగా పనిలో చేరిన పిల్లకి
మొదటి రోజు నేర్పేది కత్తెర పట్టడమే.
"తేదీ లేని వైపు నుంచి కత్తిరించు, మాయ్‌లిన్.
గడువు అచ్చువేసిన చివర
ఆఖరి బిళ్ళకి మిగలాలి."
తలూపింది, నవ్వాపుకుంటూ.
ఇంత మాత్రానికి నాలుగేళ్ళ కాలేజీ ఎందుకని కాబోలు.

ఎస్తాన్సియా రేవులో పట్టీ మొత్తం కొనేవాళ్ళు లేరు.
వేటకి పోయేముందు ఒకటి,
వల బరువుగా వస్తే రెండు.
రక్తపోటు బిళ్ళ కూడా
ఆ పూట చేపల ధర చూసే మింగుతారు.
డాక్టరు ముప్పై అని రాస్తాడు,
వీళ్ళు మూడని చదువుకుంటారు.
ఆ ముప్పైకీ ఈ మూడుకీ నడుమ
ఇరవై రెండేళ్ళుగా
కత్తెర పట్టుకుని నిలబడ్డాను.

అరువు పుస్తకం నీలం అట్టది. ఇది పదకొండోది.
అందులో మనుషుల పేర్లు రాయను,
వాళ్ళ పడవల పేర్లు రాస్తాను.
మనుషులు సిగ్గుపడతారు,
పడవలు పడవు.
'శాంతా రీతా' - దగ్గు మందు, నలభై పెసోలు.
'బుయెనా సువెర్తే' - సూదులు, ఇన్సులిన్, పాత బాకీ.
ఆ పేరుకి అదృష్టం అని అర్థం.

నిరుడు రోడ్డుకి అవతల
పెద్ద కంపెనీ వాళ్ళు అద్దాల కొట్టు తెరిచారు.
తలుపు దానంతటదే జరుగుతుంది.
పిల్లలు జరిగే తలుపు కోసం ఓసారి,
లోపలి చలి కోసం ఓసారి వెళ్ళొస్తారు.
నేను టోకున కొనే ధరకి
వాళ్ళు చిల్లరగా అమ్ముతారు.
ఉప్పుగాలికి నా బోర్డు మీద
'మగ్‌బాన్వా'లో సగం అక్షరాలు రాలిపోయాయి.
ముసలివాళ్ళకి ఇరవై వంతుల తగ్గింపు ఇవ్వాలి, చట్టం.
చాలా మందుల్లో నాకు మిగిలేదే పన్నెండు.
ఎదురుగా ఓ తాత వణికే చేత్తో కార్డు తీస్తుంటే
రమ్మనీ అనలేను, వద్దనీ అనలేను,
నా నోరు మాత్రం
"మోకాళ్ళెలా ఉన్నాయి తాతా?" అనేస్తుంది.

బ్యాంకు కుర్రాడు అడిగాడు,
"మీ వ్యాపారం ఎటువైపు పెరిగే వీలుందండీ?"
"తూర్పుకి" అన్నాను.
కిటికీలోంచి చూశాడు.
తూర్పున సముద్రం తప్ప ఏమీ లేదు.

అడిగినదాంట్లో సగం ఇచ్చారు.
ఆ సగానికి ఒక మంచుపెట్టె,
దగ్గే మోటారుతో ఒక పాత పడవ,
వారంలో ఒక్క గురువారం.

మొదటి గురువారం, మొదటి దీవి.
ఇసుక మీద బల్ల వేసుకుని కూచుంటే
ఏడుగురు వచ్చారు. ఐదుగురు కొన్నారు.
ఒకడు మంచుముక్క అడిగి నోట్లో వేసుకుని పోయాడు.
చివరగా వచ్చినామె
కొంగుమూటలాంటి చిన్న గుడ్డసంచి విప్పింది.
"ఇవి మా ఆయనవి. ఇంకా పనిచేస్తాయా?"
పన్నెండు బిళ్ళలు, రెండు ముక్కల్లో.
తిప్పాను. మళ్ళీ తిప్పాను.
రెంటికీ ఎక్కడా తేదీ లేదు.
అంచున మాత్రం, సరిగ్గా మధ్యలో,
గోటిగీరంత చిన్న గాటు.

నా కత్తెరకి ఆ పన్ను విరిగి ఆరేళ్ళు.

తొందరలో కత్తిరించి ఉంటాను.
జీతాల రోజో, తుఫాను ముందు రోజో,
వరసలో ఇరవైమంది ఉన్న ఏ సాయంత్రమో.
ఆయన వాటిని ఎన్నాళ్ళు మింగాడో
అడగలేదు. ఆమే చెప్పింది,
నేను కొత్త పట్టీ తీస్తుంటే:
"ఇప్పుడాయన లేడు. నాకూ అదే జబ్బు."

డబ్బు తీసుకోలేదు. మోటారు తిరుగుదారంతా దగ్గింది.

ఆ రాత్రి షట్టరు సగం దించి
నీలం పుస్తకం తెరిచాను.
కొత్త పడవకింకా పేరు పెట్టలేదు.
పేరుండాల్సిన చోటు ఖాళీగా వదిలి
పక్కన రాశాను:
పన్నెండు బిళ్ళలు. బాకీ.

వెనక గదిలో మాయ్‌లిన్
ఒక పట్టీని వెలుగుకి ఎత్తిపట్టి
ఏ వైపో చూసుకుంటోంది.